కొవ్వాడ అప్పు: యూనిట్ రేటు ఎవరూ చెప్పరేం?

ఎడిటర్ గారికి,

పోయిన వారం మీ పేపర్లో మా శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో పెడతామంటున్న అణు విద్యుత్ ప్లాంట్ వార్త చూశాను, అమెరికాతో ఫైనాన్స్ మీద చర్చలు పురోగతిలో ఉన్నాయంట. 2016 నుంచీ ఇదే చదువుతున్నాం సార్, ఎంపీలు మారారు, మంత్రులు మారారు, ఆ వాక్యం మాత్రం మారలేదు. ఆ ఏడాది జూన్‌లో మోదీ గారూ ఒబామా గారూ కలిసి ప్రకటన ఇచ్చారు, అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు ఆరు, 2017 జూన్‌కల్లా ఒప్పందం, అప్పుకి అమెరికా ఎగ్జిమ్ బ్యాంక్ (వాళ్ల ఎగుమతులకి అప్పులిచ్చే ప్రభుత్వ బ్యాంకు) అని. తీరా చూస్తే 2017 మార్చిలో ఆ కంపెనీయే దివాలా పిటిషన్ వేసింది. బ్యాంకు సంగతి ఇంకా బాగుంటుంది, 2015 జూలై నుంచి 2019 మే దాకా దాని బోర్డుకి కోరమే లేదు, అంటే నిర్ణయానికి సరిపడా సభ్యులే లేరు, కోటి డాలర్లు దాటితే అప్పు మంజూరు చేసే అధికారమే లేదు. మరి మనోళ్లు అక్కడ ఎవరితో బేరమాడి, ఎవరితో టీ తాగి వచ్చారో!

తమిళనాడు కూడంకుళం అణు ప్లాంట్ 3, 4 యూనిట్లకి రష్యా 340 కోట్ల డాలర్లు 4 శాతం వడ్డీకి ఇచ్చిందని అందరికీ తెలుసు. మన దగ్గర ఏదడిగినా "చర్చల్లో ఉంది". సరుకు అమెరికా వాళ్లది, అప్పూ వాళ్లదే, ఆ ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలూ వాళ్లకే, రూపాయి పడిపోతే ఆ తేడా మాత్రం మనది. 2016లో డాలర్ 67 రూపాయలుండేది, ఇప్పుడెంతో మీరే చూసుకోండి. పోనీ వడ్డీ తక్కువే అనుకుందాం, యూనిట్ కరెంటు ఎంత పడుతుంది? ఇదే మోడల్ రియాక్టర్లు అమెరికాలోనే జార్జియా రాష్ట్రంలో రెండు కట్టేసరికి 1400 కోట్ల డాలర్లన్నది 3000 కోట్లు దాటింది. పక్కనే సౌత్ కరోలినాలో 900 కోట్ల డాలర్లు పోసి 2017లో మధ్యలో వదిలేశారు, అక్కడి జనం ఇంకా కరెంటు బిల్లులో కడుతూనే ఉన్నారు. మనకి ఇప్పుడే ఫిక్స్‌డ్ చార్జీ, డ్యూటీ, ట్రూఅప్ (పాత ఖర్చుల తేడా వసూలు) అని బిల్లు తోకలా సాగుతోంది, దానికి ఇదొకటి తగిలిస్తారు, అంతే కదా.

ఇంకో తమాషా. ఈ రియాక్టర్లు ముందు గుజరాత్‌లో మీఠీ విర్ది దగ్గర పెడదామనుకున్నారు, అక్కడి రైతులు ఒప్పుకోలేదు, మా జిల్లాకి పంపారు. మా మత్స్యకార కుర్రోళ్లేమో వేటకి అదే గుజరాత్‌కి, వెరావల్‌కి పోతున్నారు! డాలర్ వడ్డీలో పావు శాతం కోసం ఢిల్లీలో ఏళ్లకేళ్లు బేరాలు, ఊరు ఖాళీ చేయాల్సిన కొవ్వాడోళ్ల పునరావాస ప్యాకేజీ దగ్గరికొచ్చేసరికి ఇచ్చింది తీసుకోండి అనడం. ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలీదు కదా, ఊళ్లో గోడ పగిలినా రిపేరు చేయించాలా వద్దా తెలీక సిమెంటు బస్తా అరుగు మీదే గడ్డకట్టిన ఇల్లు నేను చూశాను. ఆఫీసుకెళ్తే పైనుంచి ఆర్డర్ రావాలంటారు, పైనున్న ఆయన ఫోనెత్తడు, ఎలక్షన్లప్పుడు మాత్రం అందరూ మనోళ్లే.

అప్పు షరతులు, యూనిట్ రేటు, లేటైతే ఎవరు భరిస్తారో, అన్నీ సంతకానికి ముందే తెలుగులో రాసి శ్రీకాకుళం కలెక్టరేట్ నోటీసు బోర్డు మీద అంటించమనండి. చదవడం వచ్చినోళ్లం ఇక్కడా ఉన్నాం.

ఇట్లు,
ఒక పాఠకుడు, రణస్థలం మండలం