చెన్నై తెలుగు నేవీ మాజీల సంఘం – 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది బాగానే జరిగింది, పులిహోర చాల్లేదన్న కంప్లయింట్లు అన్నీ విన్నాం, వచ్చేసారి చూస్కుందాం. జమాఖర్చులు ట్రెజరర్ గారు మీటింగులో చదువుతారు కాబట్టి ఇక్కడ రాయట్లేదు.

ఈ ఏడాది ఎక్కువ టైం ఆస్బెస్టాస్ (వేడిని ఆపడానికి వాడే, నారలా ఉండే ఖనిజం) మీదే పోయింది. మనలో బాయిలర్ రూముల్లో, ఇంజిన్ రూముల్లో చేసినవాళ్ళే ఎక్కువ కదా, స్టీమ్ పైపులకి వేడి ఆపడానికి చుట్టిన ఆ తెల్ల లాగింగ్ గుర్తుందిగా, అదే ఇది, రిఫిట్ అప్పుడు, అంటే షిప్పుని పెద్ద రిపేరుకి పెట్టినప్పుడు పీకుతుంటే ఒంటి మీదంతా సున్నం జల్లినట్టు ఉండేది, మూతికి జేబురుమాలు కట్టుకుంటే అదే పెద్ద జాగ్రత్త! ఫ్రాన్సువాళ్ళ క్లెమెన్సో అనే పాత యుద్ధనౌకని విడగొట్టడానికి గుజరాత్‌లోని అలంగ్ పంపిస్తే అందులో ఆస్బెస్టాస్ ఉందని గొడవై 2006లో దారి మధ్యలోంచి వెనక్కి పిలిపించుకున్నారు, మనం అలాంటి వాటిల్లోనే తిని పడుకున్నాం.

ఊపిరితిత్తుల డాక్టరుగారొకరు మన హాలుకొచ్చి మాట్లాడారు. ఆ నూగు లోపలికెళ్తే ఇక బయటికి రాదంట, 20 నుంచి 40 ఏళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ తర్వాత జబ్బు బయటపడుతుందంట, అంటే 1980ల్లో పని చేసినోళ్ళకి ఇప్పుడే టైము. వచ్చే జబ్బులు: ఆస్బెస్టోసిస్ (ఊపిరితిత్తులు గట్టిపడిపోవడం), మీసోథీలియోమా (ఎక్కువగా ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకి వచ్చే క్యాన్సరు), లంగ్ క్యాన్సరు. దానికి సిగరెట్ తోడైతే లంగ్ క్యాన్సర్ రిస్కు మామూలుగా కాదు, చాలా రెట్లు పెరుగుతుంది. అందరికీ వస్తుందని కాదు, కంగారుపడకండి. కానీ మామూలు ఎక్స్‌రేలో మొదట్లో కనబడకపోవచ్చు, ఆయాసం ఉంటే ఊదే టెస్టు, అవసరమైతే సీటీ అడగండి.

అప్పుడు వెనక కూర్చున్న ఒక పిన్నిగారు లేచి "ఆయన ఓవరాల్ ఉతికేముందు నేను మేడ మీద దులిపేదాన్ని బాబూ, మరి నా సంగతేంటి?" అన్నారు. హాలంతా నిశ్శబ్దం. డాక్టరుగారు మీకూ చెక్ చేయించాలమ్మా అన్నారు, బట్టలతో ఇంటికొచ్చిన దుమ్ము వల్ల కూడా జబ్బులు వచ్చిన కేసులున్నాయంట. నిజం చెప్తున్నా, ఇన్నేళ్ళలో మనకెవ్వరికీ ఆ ఆలోచనే రాలేదు.

ఇంకో బాధ, మన మెంబరొకాయన రెండేళ్ళు ఆస్తమా మందులే వాడాడు, పొగ తాగుతావా అని అడిగారు గానీ ఏం ఉద్యోగం చేశావని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. అందుకే ఒక పేజీ ఫారం వేశాం: ఏ షిప్పు, ఏ ఏడాది, ఏ కంపార్ట్‌మెంట్, ఏం పని. డిశ్చార్జి బుక్ చూసి నింపండి, ఏ డాక్టర్ దగ్గరికెళ్ళినా చూపించండి. ఈసీహెచ్‌ఎస్‌కి (మాజీ సైనికుల వైద్య పథకం క్లినిక్కి) వెళ్ళేటప్పుడు కార్డుతోపాటు ఇది కూడా పట్టుకెళ్ళండి.

అన్నట్టు, మేడ మీద పాత సిమెంటు రేకుల షెడ్డు ఉన్నవాళ్ళు వాటిని మీరే పగలగొట్టొద్దు, డ్రిల్లు పెట్టొద్దు, చాలావాటిల్లో ఇదే ఆస్బెస్టాస్.

ఫారాలు సెక్రటరీ ఇంట్లో ఉన్నాయి, ఆడవాళ్ళకి కూడా విడిగా వేయించాం, సాయంత్రం 5 తర్వాత వస్తే ఇస్తారు.