ఎంత మిగిలిందో కూడా అడగండి

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యా పేజీలో వచ్చే కెమిస్ట్రీ మాదిరి ప్రశ్నల గురించి ఈ ఉత్తరం. లిమిటింగ్ రియాజెంట్ (చర్యలో ముందుగా అయిపోయి, ఉత్పన్నం ఎంత రావాలో తేల్చే పదార్థం) లెక్క ఇచ్చిన ప్రతిసారీ ‘ఉత్పన్నం ఎంత వస్తుంది?’ అన్న దగ్గరే ప్రశ్న ఆగిపోతోంది. ‘ఏది ఎంత మిగిలింది?’ అని కూడా అడగమని నా మనవి. ఏళ్ల తరబడి ఈ పాఠం చెబుతున్న లెక్చరర్‌ని కాబట్టి కారణమూ చెబుతాను.

10 గ్రాముల హైడ్రోజన్, 64 గ్రాముల ఆక్సిజన్ కలిస్తే నీరు ఎంత వస్తుందని అడుగుతాను. 10 చిన్న అంకె కదా అని, హైడ్రోజనే ముందు అయిపోతుందని చాలామంది రాసేస్తారు. దాన్ని 5 మోల్‌లు (మోల్ అంటే అణువులను లెక్కించే ప్రమాణం; ఒక మోల్ హైడ్రోజన్ 2 గ్రాములు, ఆక్సిజన్ 32, నీరు 18 గ్రాములు) చేసి, 5 మోల్‌ల నీరు, అంటే 90 గ్రాములు అని కింద గీత కొడతారు. స్టెప్పులన్నీ పొందికగా ఉంటాయి. తీసుకున్నవి రెండూ కలిపితే 74 గ్రాములే కదా, 90 ఎలా వచ్చిందన్న అనుమానం మాత్రం రాదు. చర్యలో మొత్తం బరువు మారదనే ద్రవ్య నిత్యత్వ నియమం అడిగితే లవోయిజర్ పేరుతో సహా గడగడా అప్పజెప్పే పిల్లలే వీళ్లు!

అసలు సంగతేమిటంటే 64 గ్రాముల ఆక్సిజన్ 2 మోల్‌లే. ఒక్కో మోల్‌కి రెండేసి మోల్‌ల హైడ్రోజన్ చొప్పున 4 మోల్‌లు ఖర్చయి, 72 గ్రాముల నీరు వస్తుంది. 2 గ్రాముల హైడ్రోజన్ మిగులుతుంది. కూడితే సరిగ్గా 74.

గ్రాములను మోల్‌లుగా మార్చగానే గండం గడిచినట్టు కాదు. 28 గ్రాముల నైట్రోజన్, 5 గ్రాముల హైడ్రోజన్ ఇచ్చి అమ్మోనియా ఎంతని అడగండి. నైట్రోజన్ 1 మోల్, హైడ్రోజన్ 2.5 మోల్‌లు. తక్కువున్నది నైట్రోజన్ కాబట్టి అమ్మోనియా 2 మోల్‌లు, 34 గ్రాములు అంటారు. ఇచ్చింది 33 గ్రాములు! తేడా ఒక్క గ్రామే కావడంతో ఈ తప్పు కంటికి ఆనదు. ఒక మోల్ నైట్రోజన్‌కి 3 మోల్‌ల హైడ్రోజన్ కావాలి, ఉన్నది రెండున్నరే. వచ్చే అమ్మోనియా 28.33 గ్రాములు, మిగిలే నైట్రోజన్ 4.67 గ్రాములు.

మోల్‌లను గుణకాలతో (సమీకరణంలో పదార్థాల ముందుండే అంకెలతో) భాగించి చిన్నది చూడమనే షార్ట్‌కట్ మీద నాకు కోపం లేదు, అది సరైన పద్ధతే. సమీకరణంలో రాసిన చర్య ఎన్ని విడతలు జరగడానికి సరుకుందో ఆ భాగహారం చెబుతుంది. ఆ మాట చెప్పకుండా ఫార్ములాగా అందిస్తే, పరీక్ష టెన్షన్‌లో గ్రాములనే భాగించేసే పిల్లలున్నారు. మిగిలినది కూడా రాయాల్సి వస్తే ఏది ఎంత ఖర్చయిందో లెక్కగట్టక తప్పదు. చివర్లో బరువులన్నీ కూడితే, సమీకరణం తుల్యం చేయడం మరిచినా అక్కడే దొరికిపోతుంది. వాయువేదైనా బయటికి పోతే దాని బరువూ కలుపుకోవాలి, అంతే.

ఇకపై మీరు వేసే జవాబుల్లో ‘చర్యకు ముందు మొత్తం బరువు, తర్వాత మొత్తం బరువు’ అని ఒక్క వరుస చేర్చండి. పేజీలో చోటు చాలకపోతే ప్రశ్నల్లో ఒకటి తగ్గించినా ఫర్వాలేదు.

– ఒక కెమిస్ట్రీ లెక్చరర్