కొమ్మ కొట్టించే ముందు

చిన్నతల్లికి,

నాన్న దీవెనలు. విజయనగరంలో మీ పెరటి మామిడి కొమ్మ గోడ మీదికి వాలిందనీ, దాన్ని కొట్టించి ఆ దుంగల మీద పుట్టగొడుగులు పెంచుతాననీ అన్నావు. ఫోన్‌లో అన్నీ చెప్పడం కుదరదని రాస్తున్నాను.

తప్పకుండా పెంచు. షిటాకే మాత్రం వద్దమ్మా. జపాన్ లాంటి చోట్ల ఓక్ దుంగల మీద పెంచే రకం అది. కాపుకు చల్లదనం కావాలి, మన ఉక్కపోతలో కష్టం. మనకు ముత్యపు చిప్ప పుట్టగొడుగే మంచిది. 20 నుంచి 30 డిగ్రీల మధ్య బాగా వస్తుంది, మామిడి కర్ర దానికి పనికొస్తుంది.

పెరట్లో పడి ఉన్న పాత మొద్దు వాడకు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మన ఉద్దానంలో జీడిచెట్లు కూలిపోయాయి కదా. తీయకుండా వదిలేసిన మొద్దుల మీద ఎన్ని రకాల గొడుగులు మొలిచాయో నువ్వూ చూశావు. అలాంటి కర్రలో మనం పెట్టే విత్తనానికి, అంటే పుట్టగొడుగు మొలిపించే బూజుకు, చోటుండదు. జబ్బు లేని పచ్చి కొమ్మ, బెరడు ఊడనిది కావాలి. లోపలి తడిని కాపాడేది ఆ బెరడే. 10 నుంచి 15 సెంటీమీటర్ల మందం, మీటరు పొడవు చాలు. కొట్టాక రెండు వారాలు నీడలో ఉంచు. పచ్చి కర్ర బూజును తట్టుకునే శక్తి ఆలోగా తగ్గుతుంది. నెల దాటితే వేరే బూజులు చేరతాయి.

తర్వాత డ్రిల్లుతో జానెడుకు కాస్త తక్కువ ఎడంలో 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, రంపపు పొట్టుతో చేసిన విత్తనం కూరి, కరిగించిన మైనంతో మూసెయ్యాలి. గింజల మీద పెంచిన విత్తనమైతే చీమలూ ఎలకలూ వదలవు.

మన దగ్గర అసలు టెన్షన్ చెదలతో. దుంగలు నేలకు తగలకూడదు. ఇనుప స్టాండు మీద పేర్చి, దాని కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టు. పురుగుమందు మాత్రం కొట్టకు, మనం తినేది ఆ దుంగ మీదే పెరగాలి. ఎండాకాలంలో తడి గోనెసంచులు కప్పు. ఆరు నెలలు పట్టొచ్చు, ఏడాదీ పట్టొచ్చు. అంతవరకూ ఆగలేకపోతే పక్కన వరిగడ్డి సంచుల్లోనూ వేసుకో, నెల అటూఇటూగా కోతకొస్తాయి. కార్తీకంలో కాపు వస్తే మీ అత్తగారు తింటారో లేదో ముందే అడుగు.

నీకు చిన్నప్పటినుంచీ ఆయాసం ఉంది. ఈ రకం ముదిరితే సన్నటి పొడి రాలుస్తుంది, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు. అంచులు ఇంకా కిందికి వంగి ఉండగానే కొయ్యి, ముక్కుకు గుడ్డ కట్టుకో. పిల్లను ఆ దగ్గరికి రానివ్వకు.

దుంగ మీద వచ్చిందల్లా మనం వేసిందే అనుకోకు. మనది గుత్తిగా వస్తుంది, కాడ పొట్టిగా ఒక పక్కకు ఉంటుంది, గొడుగు కింది మడతలు కాడ మీదికి దిగుతాయి. నల్లకాగితం మీద రాత్రంతా బోర్లిస్తే తెల్లటి పొడి పడాలి. ఇన్నీ సరిపోయినా అనుమానంగా ఉంటే పారెయ్యి. తినేవాటినైనా బాగా ఉడికించాకే తినండి.

విత్తనం సంగతి ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో కనుక్కుంటాను. అది చేతికొచ్చే రోజు తెలిశాక, రెండు వారాల ముందు కొమ్మ కొట్టిస్తే సరిపోతుంది. అప్పటిదాకా అల్లుడుగారిని తొందరపడొద్దని చెప్పు. డ్రిల్లు నేనే తెస్తాను.

మీ నాన్న