పేరుకూ ఆధారం ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

1966లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో మొదలైన సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం (మధ్యయుగపు జీవితాన్ని సరదాగా పునఃసృష్టించే సంఘం) సభ్యులు మధ్యయుగపు పేరునూ, డాలుపై వేసుకునే చిహ్నాన్నీ నమోదు చేయించుకుంటారు. దీన్ని కొందరు వేషాల సరదాగా కొట్టిపారేయడం నాకు బాధ కలిగిస్తోంది. కోరుకున్న పేరు ఆనాటి పన్నుల జాబితాలోనో, చర్చి రిజిస్టరులోనో ఉందని, లేదా ఆనాటి పద్ధతిలోనే కూర్చినదని చూపగలగాలి. చిహ్నం సంగతి మరీ ఆసక్తికరం. నీలి నేపథ్యంపై నల్ల సింహాన్ని గీస్తే దూరం నుంచి అది సింహమో మరకో తెలియదు. అదే సింహానికి బంగారు రంగు వేస్తే ఎత్తిన పంజా కూడా స్పష్టంగా కనిపిస్తుంది. ముదురు రంగుపై ముదురు రంగును సాధారణంగా ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే. పైగా, వచ్చిన దరఖాస్తులను ఇదివరకే నమోదైన చిహ్నాలతో పోల్చి చూసే ఈ శ్రమంతా సంఘ సభ్యులు స్వచ్ఛందంగా చేసేదే. ఆలస్యమైందని విసుక్కునేవారు తిరస్కరణకు చూపిన కారణాలను ఒక్కసారి ఓపికగా చదవాలని, ఈ పేర్ల, చిహ్నాల విద్య గురించి మీ పత్రిక ఒక వ్యాసం ప్రచురించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు