‘క్లోరిన్ లేని పూల్’ బోర్డు దింపేశాం

అందరికీ నమస్కారం. గేటు దగ్గర ‘ఉప్పునీటి పూల్, క్లోరిన్ ఉండదు’ అని పెద్దక్షరాలతో రాయించిన బోర్డును నిన్న సాయంత్రం దింపించేశాను. అందులో రాసింది తప్పు. మెషిన్ అమ్మినాయన అన్న మాట బాగుందనిపించి, ఆరా తీయకుండా పెయింటర్‌కి చెప్పేశాను.

పోయిన వారం సాయంత్రం బ్యాచ్‌లో ఒక పాప వాళ్ళమ్మగారు అడిగారు: “క్లోరిన్ లేదన్నారు కదండీ, మరి కొత్త స్విమ్ సూట్ నెలకే వెలిసిపోయిందేంటి?” ఆవిడ ఎదుటే టెస్ట్ కిట్ తెచ్చి, చిన్న గొట్టంలో పూల్ నీళ్ళు పట్టి మాత్ర వేసి ఊపాను. గులాబీ రంగు తిరిగింది. క్లోరిన్ ఉన్నట్టే. అసలు అది లేకపోతే పిల్లల్ని నీళ్ళలోకి దిగనివ్వకూడదు కూడా.

మన పూల్‌లో సుమారు 1,44,000 లీటర్ల నీళ్ళు పడతాయి. వేసవి బ్యాచ్‌లకు ముందు 50 కిలోల ఉప్పు బస్తాలు పది పోసి, అడుగున పేరుకోకుండా పొడుగు బ్రష్‌తో తోస్తూనే ఉన్నాం. లీటరుకు మూడున్నర గ్రాములన్నమాట. సముద్రంలో 35 దాకా ఉంటుంది, మన కన్నీళ్ళలోనే తొమ్మిది. పంప్ రూమ్‌లో ఈ నీళ్ళు టైటానియం పలకల మధ్య నుంచి వెళ్తుంటే కరెంటు ఆ ఉప్పులోంచి క్లోరిన్ పుట్టిస్తుంది. డబ్బాలో పౌడర్ కొనే బదులు సరుకు ఇక్కడే వండుకుంటున్నాం, అంతే తేడా.

మరి ఈ మెషిన్‌కి ఇంత ఖర్చు ఎందుకంటారా? ఇదివరకు రాత్రిళ్ళు బకెట్‌లో పౌడర్ కలిపి పోసేవాళ్ళం. పొద్దున ఐదున్నర బ్యాచ్‌కి ఘాటు, సాయంత్రానికి పలచన. ఇప్పుడు పంపు నడిచినంతసేపూ కొంచెం కొంచెంగా పడుతుంది. నీళ్ళు ఒంటికి మెత్తగా తగులుతున్నాయని మీలో చాలామంది అన్నారు, నాకూ అలాగే ఉంది. కళ్ళ మంట, ఆ ఘాటు వాసన మాత్రం ఉప్పు పోస్తే పోయేవి కావు. చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిస్తే వచ్చేవి అవి. తలకు కొబ్బరినూనె పట్టించి పిల్లల్ని తిన్నగా పూల్‌లోకి పంపకండి, దయచేసి. షవర్ ఉన్నది అందుకే.

మాకు కొత్త తలనొప్పులూ వచ్చాయి. ట్యాంకర్ నీళ్ళలో సున్నం ఎక్కువ, గీజర్ కాయిల్‌కి పట్టినట్టు పలకలకి తెల్లటి పొర పడుతోంది. పీహెచ్ (నీళ్ళలో ఆమ్లం, క్షారం పాళ్ళు చెప్పే అంకె) ఊరికే పైకి పోతుంటే యాసిడ్ ఇదివరకటికంటే ఎక్కువ వాడాల్సి వస్తోంది. నిచ్చెన బోల్టుల దగ్గర తుప్పు మొదలైంది. కరెంటు పోతే క్లోరిన్ తయారీ ఆగిపోతుంది కాబట్టి పౌడర్ డబ్బా ఒకటి ఇప్పటికీ దగ్గర పెట్టుకున్నాం. ఫిల్టర్ కడిగిన నీళ్ళు అలవాటుగా నిమ్మచెట్టుకు వదిలేస్తే ఆకుల అంచులు మాడిపోయాయి. వాచ్‌మన్ చూసి చెప్పేదాకా నాకు తట్టలేదు.

ఆ బోర్డు చూసి చేరినవాళ్ళు మానేద్దామనుకుంటే, మిగిలిన రోజుల ఫీజు కౌంటర్‌లో వెనక్కి తీసుకోండి, కారణం అడగం. ఈ ఆదివారం పలకలు యాసిడ్ నీళ్ళతో కడుగుతాం, పొద్దుటి బ్యాచ్‌లు ఉండవు. సోమవారం నుంచి గేటు దగ్గర నల్లబల్ల ఉంటుంది. రోజుకు రెండుసార్లు క్లోరిన్, పీహెచ్ ఎంతున్నాయో సుద్దతో రాస్తాం. క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (అంటే లీటరుకు అన్ని మిల్లీగ్రాములు), పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య లేకపోతే దిగకండి, నన్ను పిలవండి.