ముసలాయన అదురు దొరికింది!

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. కోపం తెచ్చుకోకు. రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను, మూడుసార్లూ ఏదో ఒకటి అడ్డం వచ్చింది. ఇంట్లో అందరం బాగున్నాం. అమ్మకి కంటి ఆపరేషన్ అయింది, ఇవాళ సాయంత్రం మళ్ళీ చూపించాలి. పిల్లాడి పరీక్షలు అయిపోయాయి. చెల్లెమ్మని అడిగానని చెప్పు. ఇవన్నీ తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం.

ముసలాయన, అదే మన పాత మోటార్ సైకిలు, అదురు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలిసిపోయిందిరా!

మాగ్నెటో అన్నాం, బేరింగ్ అన్నాం, చివరికి ఫ్రేమే వంగిందేమో అని నువ్వు దారం పట్టి కొలిచావు, గుర్తుందా? అదేదీ కాదు. ఒక నట్టు. ఎడమవైపు ఇంజిన్ ప్లేటు కింద, స్టడ్డు (రెండు కొసలా నట్లు ఎక్కే కడ్డీ) చివర ఉంటుందే, అదే. దాని చుట్టూ ఎప్పుడూ ఎర్రటి పొడి కనిపించేది. తుడిచేవాళ్ళం, వారంలో మళ్ళీ వచ్చేది. మామూలు తుప్పు అనుకున్నాం. అది ప్లేటూ ఇంజిన్ కేసూ ఒకదాన్నొకటి రాసుకుని రాలి, ఎర్రగా తుప్పుపట్టిన ఇనప పొడి! కానీ పానా వేసి చూస్తే నట్టు ఎప్పుడూ బిగువే. అందుకే దాని మీద మనకి అనుమానమే రాలేదు.

మొన్న ఆదివారం క్లచ్ పని కోసం అటుపక్క అంతా విప్పాను. ఈసారి అడ్జస్టబుల్ పానా ముట్టుకోకూడదని గట్టిగా అనుకుని, పాత విట్‌వర్త్ సెట్టు, అదే పాత బ్రిటిష్ కొలతల పానాలు, తీశాను. కుడివైపు నట్టుకి 5/16 పానా అచ్చంగా సరిపోయింది. అదే పానా ఎడమవైపు వేస్తే లొడలొడ. ఒకే స్టడ్డుకి రెండు కొసలా రెండు సైజుల నట్లు ఎందుకుంటాయి? అక్కడే గుండె ఝల్లుమంది. వెర్నియర్ పెట్టాను: కుడిది 0.600 అంగుళాలు, ఎడమది 0.562. అంటే 9/16. అంటే అది పాత బ్రిటిష్ కొలత నట్టే కాదు, తర్వాత వచ్చిన యూనిఫైడ్ కొలతది!

నీకు తెలిసిందే అయినా రాస్తాను, రాయకపోతే నాకు ఊపిరాడదు. విట్‌వర్త్ పానా మీద అంకె పానా నోటి వెడల్పు కాదు, అది పట్టే విట్‌వర్త్ బోల్టు లావు. అందుకే 5/16 అని రాసున్న పానా నోరు 15 మిల్లీమీటర్లు దాటి ఉంటుంది. తర్వాత వచ్చిన పానాల మీద అంకె తిన్నగా నోటి వెడల్పే. ఈ రెండు లెక్కలూ ఒకే డబ్బాలో కలిసిపోతే నట్ల మూలలన్నీ గుండ్రంగా అయిపోతాయి. మన అడ్జస్టబుల్ పానాకి ఈ తేడా తెలియదు, ఏ నట్టునైనా పట్టేస్తుంది. రెండేళ్ళు మన కళ్ళు కప్పింది అదే.

అసలు సంగతి మరలో, అంటే నట్టు తిరిగే గాడిలో ఉంది. మన స్టడ్డు 3/8 అంగుళం లావు, సైకిల్ థ్రెడ్డు (సైకిళ్ళకీ మోటార్ సైకిళ్ళకీ వాడిన పాత బ్రిటిష్ మర), అంగుళానికి 26 మరలు. ఎవరో ఎక్కించిన ఆ నట్టు 3/8 యూఎన్ఎఫ్ (యూనిఫైడ్‌లో సన్న మర), అంగుళానికి 24. లావు ఒకటే. కోణమూ రెండింటికీ 60 డిగ్రీలే. విట్‌వర్త్‌ది అయ్యుంటే 55 డిగ్రీలు, పైగా ఆ లావుకి అంగుళానికి 16 మరలే, మొదటి చుట్టులోనే మొరాయించేది. ఇది మాత్రం నాలుగు చుట్లు హాయిగా తిరుగుతుంది. మరకి మరకి తేడా 0.08 మిల్లీమీటరే కదా! ఐదో మరకి వచ్చేసరికి ఆ తేడా 0.4 అవుతుంది, దాదాపు అర మర. అక్కడ పట్టేస్తుంది. ఆ పట్టడాన్ని బిగువు అనుకుని ఎవరో పొడుగు పానాతో లాగి తోసేశారు. నట్టు స్టడ్డుని పట్టుకుంది గానీ ప్లేటుని పట్టుకోలేదు. ఆ మనిషి మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. వేళ్ళతో ఎక్కని నట్టుని పానాతో ఎక్కించకూడదు. అంతే. ఇంకేమైనా అంటే ఈ కాగితం చాలదు.

విప్పబోతే అర చుట్టు కదిలి ఆగిపోయింది. "ఇంకో అర చుట్టు" అని నీ గొంతు చెవిలో వినపడిందిరా! ఆ రోజు ఏం జరిగిందో నీకూ నాకూ తెలుసు కాబట్టి చెయ్యి వెనక్కి తీసేశాను. నట్టు పోతే పోనీ, స్టడ్డు మిగలాలి అనుకున్నాను. హ్యాక్సాతో ఒక పలక మీద కోస్తూ వచ్చి, మర తగలడానికి వెంట్రుకవాసి ఉండగా ఆపి, ఉలి పెట్టి ఒక్క దెబ్బ. టప్పున విచ్చుకుంది. లోపల మర అంతా నలిగిపోయి ఉంది, చూస్తే ఏడుపొచ్చింది.

స్టడ్డు మీద పిచ్ గేజ్, అదే మరలు సరిచూసే పళ్ళ ఆకుల కట్ట, పెట్టాను. 24 ఆకు పెడితే మొదట సరిపోయినట్టే ఉంటుంది, దీపం ఎదురుగా పట్టుకుంటే చివర వెలుతురు కనిపిస్తుంది. 26 పెట్టాను. వెలుతురు లేదు. నమ్మకం చాలక అర అంగుళం పొడవున మరలు ఒక్కొక్కటే లెక్కపెట్టాను. పదమూడు.

ఇప్పుడు అసలు మాట విను. సరైన నట్టు ఎక్కడ దొరికిందనుకున్నావు? నువ్విచ్చిన డబ్బాలో! ఆ రేకు డబ్బా, "ఎప్పటికైనా పనికొస్తుంది" అని నువ్వు అంటే నేను మంచం కిందకి తోసేసిన డబ్బా. నట్టు లోపల గేజ్ ఆనించి చూడడం కష్టం కదా, అందుకని తెలిసిన 26 బోల్టు ఒకటి పట్టుకుని ఒక్కొక్క నట్టూ ఎక్కించి చూశాను. పదకొండోది దొరికింది. స్టడ్డుకి 26 డై (మరలు కోసే పనిముట్టు) వేసి, నూనె చుక్క వేసి, ముందుకి కాస్త వెనక్కి కాస్త తిప్పుతూ నలిగిన మరలు సరిచేశాను. తర్వాత నట్టు పెట్టి రెండు వేళ్ళతో తిప్పాను. గిర్రున తిరిగిందిరా! ప్లేటు దాకా, ఎక్కడా ఆగకుండా. నేను అక్కడే నేలమీద కూర్చుండిపోయాను.

బండి స్టార్ట్ చేశాక చూడు... ఫుట్‌రెస్ట్ మీద కాలు పెట్టాను, ఆ తిమ్మిరి లేదు. సింగిల్ సిలిండరు కదా, కొట్టుకోవడం ఉంది, కానీ అది వేరు. నువ్వు పక్కన ఉండాల్సింది.

ఒక్కటే బెంగ. ఆ కొసన మరలు మూడొంతులే మిగిలాయి, శిఖరాలు అరిగిపోయాయి. ఎక్కువ రోజులు నమ్మలేను. నీ లేత్ మీద కొత్త స్టడ్డు తీసిపెట్టాలి. స్టెయిన్‌లెస్ వద్దు, మామూలు మెత్తటి ఇనుమూ వద్దు, గట్టి స్టీలు చూడు. లావు 3/8, రెండు కొసలా 26 మరలు. పొడవు చెప్తాను ఉండు, గోడ మీద రాసుకున్నాను, మొత్తం...

అయ్యో, ఐదున్నర అయిపోయింది. అమ్మ చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది. కొలతలు రేపు ఫోన్ చేసి చెప్తాను. లేత్ ఖాళీగా పెట్టు.

నీ
బావ