హాలెందుకు సార్, చాయ్ తాగనీకా?
(పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ)

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. మా బస్తీలో ఒక చిన్న సేవా క్లబ్బు ఉంది. గాంధీ ఆసుపత్రికి మేం నడిచి వెళ్లేంత దూరంలో ఉంటాం. రిటైరైన ఆర్టీసీ కండక్టరు, ఏసీ మెకానిక్కు, మెడికల్ షాపాయన, ఇద్దరు అంగన్‌వాడీ టీచర్లు, ఇంట్లో ట్యూషన్లు చెప్పుకునే లెక్కల మాస్టారు, ఇస్త్రీ బండి నడిపే దంపతులు, బ్యాంకు ఉద్యోగం అయిపోయి పద్దులు రాయకుండా ఉండలేని నేను, ఇంకొందరం. నెలకు వంద రూపాయల చందా. రెండో ఆదివారం, నాలుగో ఆదివారం సాయంత్రం 7 గంటలకు మీటింగు. లేటుగా వచ్చినవాళ్లకు 20 రూపాయలు జరిమానా. ఏళ్ల తరబడి ఆ మీటింగు మా వార్డు కమ్యూనిటీ హాలు పై అంతస్తులో జరిగేది. ఈ ఎండాకాలం నుంచి జరగడం లేదు. తాళం మారింది.

కొత్త తాళం సంగతి కనుక్కుందామని నేనూ, మా సెక్రటరీ అమ్మా ఒక ఆఫీసుకు వెళ్లాం. ఏ ఆఫీసో, ఎవరో రాయను. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడారు. మా దరఖాస్తు అంతా చదివి, కళ్లజోడు తీసి పక్కన పెట్టి ఒక ప్రశ్న అడిగారు.

"సేవ చేస్తమంటున్నరు, మంచిదే. రోడ్డు మీద చేయుండ్రి, దవాఖాన కాడ చేయుండ్రి. దానికి హాలెందుకు సార్? కూసుని చాయ్ తాగనీకా?"

సెక్రటరీ అమ్మ నవ్వేసింది. నాకు మాత్రం నోట మాట రాలేదు. మెట్లు దిగుతుంటే కూడా ఆ ప్రశ్న వెంటే వచ్చింది. ఇంటికొచ్చి నాలుగు రోజులు ఆలోచించాక జవాబు దొరికింది. అవునండీ, కూర్చుని చాయ్ తాగడానికే. అదెందుకు అవసరమో మీకు చెబుదామని ఈ ఉత్తరం.

మా దగ్గర కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాంటి పొడుగు నోట్‌బుక్కు ఒకటుంది. అందులో గ్రూపుల వారీగా రక్తం ఇచ్చేవాళ్ల పేర్లు, ఆఖరుసారి ఎప్పుడిచ్చారో ఆ తేదీ. మగవాళ్లు ఒకసారి ఇచ్చాక 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి. బరువు 45 కిలోలకు తగ్గకూడదు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ఈ లెక్కలన్నీ మా మాస్టారు చూసుకుంటారు. పుస్తకం ఎందుకు, ఫోన్లో పెట్టుకోవచ్చు కదా అని మావాడు అన్నాడు. పెట్టాం. రాత్రి పదకొండున్నరకు వాట్సాప్ గ్రూపులో "ఓ నెగటివ్ అర్జెంట్" అని పెడితే టపటపా చేతులు జోడించిన బొమ్మలు వచ్చి పడతాయి. మనిషి మాత్రం రాడు. అదే మాస్టారు ఏసీ మెకానిక్కుకు ఫోన్ చేసి "ఏం తమ్మీ, పడుకున్నవా?" అంటే చాలు, అతను చొక్కా వేసుకుంటూనే బండి తీస్తాడు. మొన్న ఆదివారమే ఇద్దరూ ఒకే ప్లేట్లో మిర్చి బజ్జీలు తిన్నారు. ఆ మొహమాటం రాత్రి పదకొండున్నరకు పనికొస్తుంది.

1997 దాకా రక్తం అమ్ముకుని బతికేవాళ్లు ఉండేవారు, కొనుక్కునేవాళ్లూ ఉండేవారు. సుప్రీంకోర్టు 1996లో తీర్పిచ్చింది, 1998 జనవరి 1 నుంచి ఆ అమ్మకం ఆగిపోయింది. ఆగడం చాలా మంచిదైంది. అప్పటి నుంచి ఎవరికైనా రక్తం కావాలంటే మరో మనిషి ఊరికే ఇవ్వాలి. పోనీ, ఏడాదికొక పెద్ద క్యాంపు పెట్టి దాచుకుందామా అంటే కుదరదు. ఎర్రకణాలు ఎంత జాగ్రత్త చేసినా 42 రోజులు దాటి ఉండవు. ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. వానలు పడి డెంగీ మొదలైందంటే ఆ 5 రోజుల సరుకు కోసం మనుషులు ఎలా పరుగెడతారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఎండాకాలం బాధ వేరు. కాలేజీలకు సెలవులు, క్యాంపులు ఉండవు, ఊళ్లకు పోయేవాళ్లు పోతారు. తలసేమియా అనే పుట్టు రక్తవ్యాధి ఉన్న పిల్లలకు మాత్రం సెలవుల్లోనైనా, పండగ పూటైనా రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. ఏప్రిల్, మే నెలల్లో మేం మీటింగు ఒక్కటి కూడా మానకపోవడానికి కారణం అదే. ఈ ఏడు ఆ రెండు నెలల్లోనే తాళం పడింది.

అన్నట్టు, రక్తం ఇచ్చినవాళ్లను వెంటనే పంపకూడదు. కాసేపు కూర్చోబెట్టి, ఏదైనా తాగించి, కళ్లు తిరగడం లేదని చూసుకున్నాకే పంపాలి. రక్తదాన శిబిరానికైనా కుర్చీలు, కప్పులు తప్పవు మరి.

ఇంకో సంగతి చెబుతాను. మా వీధి మలుపులో పూలమ్మే ముసలావిడకు కంటిలో శుక్లం అని క్యాంపులో తేలింది. ఆపరేషనుకు తేదీ కూడా ఇచ్చారు. పైసా ఖర్చు లేదు, ఆటోలో మేమే తీసుకెళ్తామన్నాం. ఆవిడ రానంది. రెండోసారి తేదీ తెచ్చాం. మళ్లీ రానంది. భయం కాబోలు అనుకుని మా కండక్టరు గారు వెళ్లి అరగంట ధైర్యం చెప్పి వచ్చారు. ఆవిడ పూలు కడుతూనే అంతా విని, ఆయన చేతిలో ఒక మూర పెట్టి పంపింది. తర్వాత మీటింగులో ఎజెండా అంతా అయిపోయింది, చాయ్ తాగుతున్నాం. అంగన్‌వాడీ టీచరమ్మ ఏదో మాటల్లో అంది, "ఆమెకు భయం లేదు, గియం లేదు. మనవడున్నడు ఇంట్ల. ఆపరేషనైతే కొన్నాళ్లు పొయ్యి కాడికి పోవద్దంటరు కదా, ఆ పిల్లగానికి ఎవరు వండిపెట్టాలె?"

మాలో ఎవరికీ తట్టని విషయం. ఇస్త్రీ బండి అమ్మ వెంటనే "మా ఇంట్ల తింటడు తియ్" అంది. వారం రోజులు తిన్నాడు. ముసలావిడ కళ్లలో చుక్కల మందు కూడా ఆవిడే వేసింది. మా వార్షిక నివేదికలో ఆ ఏడాది "కంటి శస్త్రచికిత్సలకు సహాయం" అని ఒక లైను ఉంటుంది, అంతే. ఆ లైను వెనక ఉన్నది టీచరమ్మ చాయ్ తాగుతూ అన్న మాట. ఎజెండాలో అది ఎక్కడా లేదు, ఉండదు కూడా.

క్లబ్బులంటే మీ ఆఫీసుల్లో ఎందుకు చులకనో నాకు తెలుసు. ఒక అరటిపండు, దాన్ని పట్టుకున్న ఆరు చేతులు, మంచం మీద బిక్కమొహం వేసుకున్న రోగి, వెనక ఫ్లెక్సీ. ఇలాంటి ఫోటోలు మీరు వందల కొద్దీ చూసి ఉంటారు. మేమూ పత్తిత్తులం కాదు. ఒక ఏడాది కొత్త కార్యవర్గం ప్రమాణస్వీకారమని స్టేజీ కట్టి, పిలిచిన పెద్దలందరికీ శాలువాలు కప్పాం. తర్వాత మీటింగులో కండక్టరు గారు లేచి, టికెట్ల లెక్క అప్పజెప్పినట్టు నిదానంగా చదివారు: శాలువాలకు ఇంత, చలికి వణికేవాళ్లకు పంచిన దుప్పట్లకు ఇంత. మొదటి అంకె పెద్దది. అప్పటి ట్రెజరర్ని నేనే. తల దించుకున్నాను. ఆ రోజు నుంచి మా క్లబ్బులో శాలువా లేదు. అలాంటి మాట ముఖం మీద అనడానికి కూడా నలుగురూ ఒక గదిలో కూర్చోవాలి కదండీ.

ఈ పద్ధతి మేం కనిపెట్టింది కాదు. ఇదే ఊళ్లో 1901లో రావిచెట్టు రంగారావు గారింట్లో కొందరు స్నేహితులు కూడి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టారు. తెలుగు పుస్తకానికి హైదరాబాద్‌లో ఒక చోటు దొరికింది. నాలుగేళ్ల తర్వాత, 1905లో, షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు మరో ముగ్గురితో కలిసి కూర్చున్నాడు. పెద్ద ఊళ్లో స్నేహాలు లేవని ఆయన దిగులు. ఒక్కోసారి ఒక్కొక్కరి ఆఫీసులో, వంతులవారీగా కలిసేవారు కాబట్టి, తిరుగుతూ ఉండేది అనే అర్థంలో రోటరీ క్లబ్బు అని పేరు పెట్టుకున్నారు. సేవ ఆలోచన తర్వాత వచ్చింది. వాళ్లు మొదట్లో తలకెత్తుకున్న పనుల్లో ఒకటి ఏమిటో తెలుసాండీ? ఊళ్లో పబ్లిక్ టాయిలెట్. పురపాలక శాఖ మంత్రికి రాస్తున్నాను కాబట్టి ఇది గుర్తొచ్చింది.

పల్స్ పోలియో ఆదివారాల్లో మా హాలే చుక్కల కేంద్రం. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో వచ్చింది. ఆ తర్వాత కూడా మా టీచరమ్మలు బస్తీలో ఏ ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలున్నారో వేళ్ల మీద చెప్పేవారు. 2020 అక్టోబర్ 13 రాత్రి పడిన వాన మీకూ గుర్తుండే ఉంటుంది. నగరంలో కాలనీలకు కాలనీలు మునిగాయి. తెల్లారేసరికి అదే హాల్లో పొయ్యిలు వెలిగించాం. పులిహోర, మర్నాడు కిచిడీ, మంచినీళ్ల ప్యాకెట్లు. ఎవరి అనుమతీ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. తాళంచెవి మా కండక్టరు గారి జేబులో ఉండేది కాబట్టి పని జరిగిపోయింది. ఇప్పుడు అలాంటి వాన పడితే తాళంచెవి ఎవరి దగ్గరుందో నాకు తెలియదు.

హాలు లేకపోయాక మేం ఊరికే కూర్చోలేదు. మొదట పార్కులో కలిశాం. చీకటి పడగానే దోమలు, ఎనిమిదింటికి గేటు మూసేస్తారు. ఇప్పుడు మెడికల్ షాపు వెనక గోదాములో, సెలైన్ బాటిళ్ల అట్టపెట్టెల మధ్య కూర్చుంటున్నాం. మగవాళ్లం ఎలాగో సర్దుకుంటాం. అక్కడ బాత్రూం లేదు. వెళ్లే సందులో లైటు లేదు. మొదటి మీటింగుకు టీచరమ్మలిద్దరూ వచ్చారు, రెండోదానికి ఒక్కరే, తర్వాత ఎవరూ రాలేదు. ఇస్త్రీ బండి అమ్మ భర్తతో కబురు పంపుతోంది. సెక్రటరీ అమ్మ ఒక్కతే పట్టుదలగా వస్తోంది. పూలమ్మే ముసలావిడ సంగతి లాంటిది ఇంకొకటి మాకు ఇప్పుడు ఎవరు చెబుతారు? నాకు అన్నిటికంటే పెద్ద టెన్షన్ ఇదే.

ఈ ఏడు చలివేంద్రం కూడా ఆలస్యమైంది. జరిమానా డబ్బులతోనే ఏటా రంజన్లు, అంటే నీళ్ల మట్టికుండలు, కొంటాం, తడిగుడ్డ చుట్టి ఆసుపత్రి దారిలో పెడతాం. పొద్దున్నే ఎవరు నింపాలో వంతులు మీటింగులో వేసుకుంటాం. మీటింగు సరిగ్గా లేక వంతులు కలగాపులగమై, రెండు రోజులు రంజన్లు ఎండిపోయాయి. జిల్లాల నుంచి పేషెంట్లతో వచ్చినవాళ్లు మూత తీసి చూసి, మళ్లీ పెట్టి వెళ్లారని ఎదురుగా పాన్ డబ్బా నడిపే అబ్బాయి చెప్పాడు.

మేం అడిగేది చిన్నది. మా హాలు శుక్ర, శని, ఆదివారాల్లో పగలు ఎంగేజ్‌మెంట్లకు, ఓణీల ఫంక్షన్లకు, బారసాలలకు పోతుంది. పోవాలి కూడా, బస్తీలో ఫంక్షన్ హాలు అద్దె భరించలేనివాళ్లకు అదే దిక్కు. మిగతా వేళల్లో ఎక్కువ భాగం ఖాళీ. ఆ ఖాళీ సాయంత్రాల్లో నెలకు రెండుసార్లు, రెండేసి గంటలు, బస్తీల్లో పనిచేసే ఇలాంటి బృందాలకు ఇవ్వమని మీ శాఖ నుంచి ఒక ఉత్తర్వు రావాలి. మా క్లబ్బుకే కాదు. మహిళా సంఘాలకు, సీనియర్ సిటిజన్లకు, పరీక్షలకు చదువుకునే పిల్లలకు కూడా. కరెంటు ఖర్చు కడతాం. ఊడ్చి, కుర్చీలు సర్ది, తాళం వేసి ఇస్తాం. ఆ రోజు ఎవరింట్లోనైనా శుభకార్యం పడితే మేమే తప్పుకుంటాం. ఏం చేశామో మూడు నెలలకోసారి లెక్క రాసిస్తాం, కావాలంటే నోటీసు బోర్డు మీద అంటించండి. పని చేయని బృందాన్ని తీసేయండి, అభ్యంతరం లేదు. తాళంచెవి ఒకటి వార్డులోనే, బాధ్యత గల మనిషి దగ్గర ఉండేలా చూడండి. ఇంతకుమించి గ్రాంటు గానీ, స్థలం గానీ, సన్మానం గానీ ఏదీ వద్దు.

ఆ ఆఫీసులో ప్రశ్న అడిగిన పెద్దమనిషిని ఏమీ అనవద్దు. అడిగి మంచిపనే చేశారు, లేకపోతే నేను ఇదంతా ఆలోచించేవాణ్ని కాదు. వీలైతే ఆయన్ని కూడా వెంట తీసుకురండి. వచ్చే రెండో ఆదివారం మెడికల్ షాపు వెనక గోదాములోనే ఉంటాం. చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఉంటాయి. 7 గంటలకు. లేటైతే మాత్రం మంత్రి గారికైనా 20 రూపాయలే.

ఇట్లు,
బస్తీ సేవా క్లబ్బు పద్దులు రాసే సభ్యుడు,
హైదరాబాద్